ఉపకళా కణజాలం: ఒకే గొట్టంలో పైన దొంతర, కింద ఒంటి వరుస ఎందుకు?

ప్రశ్న: తూనీగ

అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం బైపీసీ తెలుగు మాధ్యమంలో చదువుతున్నాను. కణజాలాల అధ్యాయంలో ఉపకళ రకాలు, అవి ఉండే చోట్లు, చేసే పనులు అన్నీ ఒక పట్టికగా ఇచ్చి, దాన్ని పదిసార్లు రాయమన్నారు. రాశాను. అయినా స్లిప్ టెస్టులో మూత్రాశయం లోపలి పొర స్తరిత శల్కల ఉపకళ (చదునైన కణాల దొంతర) అని రాసి మార్కు పోగొట్టుకున్నాను. పట్టిక చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది, పుస్తకం మూశాక ఏది ఎక్కడ ఉంటుందో కలగాపులగం అయిపోతుంది. అందుకని బట్టీ పట్టడం ఆపి కారణాలు అడగాలని ఇక్కడికి వచ్చాను.

మొదటి సందేహం: ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు ఒకే గొట్టంలోని భాగాలు. తిన్న అన్నం అన్నిటి గుండా పోతుంది. అలాంటప్పుడు ఆహారవాహికలో అనేక వరుసల కణాలు, దాని కిందనే ఉన్న జీర్ణాశయంలో ఒకే వరుస ఎందుకు ఉన్నాయి? రెండవది: వాయునాళంలో ఉన్నదాన్ని మిథ్యాస్తరిత ఉపకళ అంటారు. ఉన్నది ఒకే వరుస అయితే సరళ ఉపకళ అనే అనవచ్చు కదా, ఈ మిథ్య ఎవరిని మోసం చేయడానికి? మూడవది: రక్తనాళాల లోపలి పొర శల్కల ఉపకళ అని పాఠ్యపుస్తకంలో ఉంది, ఒక గైడులో మాత్రం ఎండోథీలియం అని వేరే పేరు ఉంది. ఏది రాయాలి?

చివరిగా ఇంకొకటి. ప్రాక్టికల్‌లో బుగ్గ లోపలి నుంచి కణాలు గీకి, మిథిలీన్ బ్లూ అనే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశాం. పలుచని బిళ్లల్లాంటి కణాలు విడివిడిగా కనిపించాయి, ఒక్కొక్కదాని మధ్యలో నీలం చుక్క ఉంది. కానీ బుగ్గ లోపల ఉండేది స్తరిత ఉపకళ అన్నారు. ఆ స్తరాలు ఎక్కడికి పోయాయి?

జవాబు: పాత చాక్‌పీస్

అమ్మా తూనీగా, జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నీ నాలుగు సందేహాలకూ వేరు ఒక్కటే కాబట్టి ముందు ఆ వేరు సంగతి చూద్దాం.

ఉపకళ అంటే సరిహద్దు. శరీరానికీ బయటి లోకానికీ మధ్య, శరీరంలోని ఒక గదికీ మరొక గదికీ మధ్య పరచిన కణాల పొర అది. సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఏడు కళలను వర్ణించిన చోట, ధాతువులకూ ఆశయాలకూ మధ్య ఉండే హద్దును కళ అన్నారు. మన పుస్తకాల్లోని ఉపకళ అనే మాటను ఆ అర్థంతో చదివితే అది దానంతట అదే గుర్తుంటుంది. ఇంగ్లిషు మాట ఎపిథీలియంకు అంత అందమైన పుట్టుక లేదు. పద్దెనిమిదవ శతాబ్దం తొలి రోజుల్లో రూయిష్ అనే డచ్చి శరీర నిర్మాణ శాస్త్రవేత్త చనుమొన మీది పలుచని పొరకు ఆ పేరు పెట్టాడు, ఆ తరువాత అది ఒంట్లోని అన్ని పొరలకూ పాకింది.

హద్దు దగ్గర అడగవలసిన ప్రశ్నలు రెండే. ఇక్కడ ఏది దాటాలి? ఇక్కడ ఏది ఒరుసుకుంటుంది? పదార్థం దాటవలసిన చోట ఒకే వరుస ఉంటుంది, ఎందుకంటే నాలుగు వరుసల కణాలను దాటి చక్కెరను లోపలికి చేరవేయడం అయ్యే పని కాదు. ఒరిపిడి ఉన్న చోట దొంతర ఉంటుంది, ఎందుకంటే పై వరుస అరిగి రాలిపోయినా కింది వరుసలు కాపు కాయాలి. ఆహారవాహికలో ముద్ద కొన్ని సెకన్లపాటే ఉంటుంది, అక్కడ జీర్ణం కావలసినదీ లేదు, పీల్చుకోవలసినదీ లేదు. కానీ సరిగా నమలని చెక్కముక్క, గొంతు కాల్చే కాఫీ, ఒక్కోసారి చేపముల్లు కూడా అదే దారిలో దిగుతాయి. అందుకని అక్కడ స్తరిత శల్కల ఉపకళ ఉంది. దాని అడుగు వరుసలోని కణాలు విభజన చెందుతూ కొత్తవాటిని పైకి నెడుతుంటాయి, పైకి వచ్చే కొద్దీ అవి చదునై చివరకు రాలిపోతాయి. జీర్ణాశయంలోకి వచ్చేసరికి పని మారిపోతుంది. అక్కడి కణాలు ఆమ్లాన్నీ ఎంజైములనూ స్రవించాలి, ఆ ఆమ్లం తమనే తినేయకుండా శ్లేష్మాన్ని కప్పుకోవాలి. స్రవించే కణం లోపల సరుకు తయారు చేయడానికీ నిల్వ ఉంచడానికీ చోటు కావాలి కాబట్టి అది నిలువుగా పెరిగి స్తంభాకారం దాల్చింది. ఈ మార్పు మెల్లమెల్లగా జరగదు. ఎండోస్కోపీ చేసే వైద్యులకు ఆ హద్దు వంకరటింకర గీతలాగా కంటికే కనిపిస్తుంది, పైన పాలిపోయిన గులాబీ రంగు, కింద ఎర్రటి రంగు. ఇదే గొట్టం రెండవ కొసకు వెళ్లి చూడు. పాయువు దగ్గర స్తంభాకార ఉపకళ ఆగిపోయి మళ్లీ స్తరిత శల్కల ఉపకళ మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ మళ్లీ ఒరిపిడి వచ్చింది.

ఇక ఆకారాల సంగతి. పదార్థం తనంతట తానే వ్యాపనం ద్వారా దాటే చోట కణం ఎంత పలుచగా ఉంటే అంత మేలు. ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల గోడను కప్పిన శల్కల కణాలు పెనం మీద పలుచగా తిప్పిన దోసెలాగా పరుచుకుని, కేంద్రకం ఉన్న చోట మాత్రమే కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న అడ్డు మొత్తం కలిపినా, పలుచగా ఉన్న చోట్ల అర మైక్రోమీటరుకు మించదు. అందులో వాయుగోణి కణం, కేశనాళిక కణం, రెండింటికీ మధ్యనున్న ఆధార త్వచం (ఉపకళా కణాలు ఆనుకుని ఉండే పలుచని పొర) అన్నీ చేరి ఉన్నాయి.

కణమే శ్రమించి మోయవలసిన చోట పలుచదనం పనికిరాదు. మూత్రపిండాల్లో రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు వస్తే, మూత్రంగా బయటికి వెళ్లేది దాదాపు లీటరున్నర. మిగిలినదంతా వెనక్కి తీసుకోవాలి. అందులో మూడింట రెండు వంతుల భారం సమీపస్థ సంవళిత నాళికది, అంటే మూత్రనాళికలోని మొదటి మెలికల భాగానిదే. అక్కడి కణాలు ఘనాకారంలో ఉండి, నిండా మైటోకాండ్రియాలు పెట్టుకుని, పై అంచున సన్నని వేళ్లలాంటి సూక్ష్మచూషకాల కుచ్చు వేసుకుని ఉంటాయి. అదే నాళిక హెన్లీ శిక్యంలోని సన్నని భాగానికి చేరగానే శల్కల కణాలకు మారిపోతుంది, ఎందుకంటే అక్కడ నీరూ లవణాలూ ఎక్కువగా తమంతట తాము కదులుతాయి. ఒకే నాళికలో ఇంత తేడా చూశాక, ఆకారం పనిని బట్టి వస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

చిన్నపేగు స్తంభాకార కణాలకూ సూక్ష్మచూషకాలు ఉన్నాయి. పేగు ముడతలు, ఆంత్రచూషకాలు, వాటి మీది సూక్ష్మచూషకాలు అన్నీ కలిపి పరిస్తే ఒక టెన్నిస్ కోర్టంత అవుతుందని మేము చెప్పేవాళ్లం. ఈ కణాలు మూడు నుంచి ఐదు రోజులకు మించి బతకవు. నిన్నటి పండక్కి నువ్వు తిన్న గారెలను పీల్చుకున్న కణాల్లో చాలావరకు వచ్చే వారానికి ఉండవు.

మిథ్యాస్తరితం గురించి. ఇంట్లో పెళ్లికి తీసిన గుంపు ఫొటో ఊహించు. తాతగారు, నాన్న, పిల్లలు అందరూ ఒకే నేల మీద నిలబడ్డారు, తలలు మాత్రం తలొక ఎత్తులో ఉన్నాయి. పాదాలు కనబడకుండా తలలనే చూస్తే మూడు వరుసల జనం ఉన్నట్టు అనిపిస్తుంది. వాయునాళంలోని ప్రతి కణమూ ఆధార త్వచాన్ని తాకే ఉంటుంది, కానీ అన్నీ పై అంచును చేరవు, అందువల్ల కేంద్రకాలు రకరకాల ఎత్తుల్లో పడి దొంతరలాగా కనిపిస్తాయి. ఆ మోసపోయినవారు తొలినాటి సూక్ష్మదర్శినిలో చూసినవారే. వట్టి సరళ ఉపకళ అనకపోవడానికి కారణం కూడా ఉంది. ఆ పొట్టి కణాలు ఊరకే నిలబడిలేవు, పొడుగు కణాలు దెబ్బతిన్నప్పుడు వాటి స్థానంలోకి ఎదిగేవి ఎక్కువగా అవే.

జవాబు: గాజుపలక

తూనీగ గారికీ, మాస్టారికీ నమస్కారం. నేను ఒక ఆసుపత్రి పాథాలజీ విభాగంలో టెక్నీషియన్‌గా స్లైడ్లు తయారు చేస్తాను. మాస్టారు చెప్పిన టెన్నిస్ కోర్టు లెక్క ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది, కానీ 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచి, మనిషి జీర్ణనాళం లోపలి వైశాల్యం మొత్తం దాదాపు 32 చదరపు మీటర్లని తేల్చారు. అది సగం బ్యాడ్మింటన్ కోర్టుకు దగ్గరగా ఉంటుంది. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్నదే రాయండి.

మీ బుగ్గ కణాల సందేహానికి నేనే జవాబు చెప్పాలనుకున్నాను. పుస్తకంలోని బొమ్మ కణజాలాన్ని నిలువుగా కోసి పక్క నుంచి చూసినప్పుడు కనిపించేది. మీరు చేసింది కోత కాదు, గీకుడు. మిద్దె మీద ఆరబెట్టిన అప్పడాల దొంతరలో పైనున్న నాలుగైదింటిని చేత్తో తుడిచి కింద పడేసి, వాటిని పైనుంచి చూసినట్టు అన్నమాట. అందుకే అవి విడివిడి బిళ్లల్లా, వెడల్పుగా కనిపించాయి. అడుగు వరుసలు మీ బుగ్గలోనే ఉన్నాయి. బుగ్గ కణం వెడల్పు సుమారు 50 నుంచి 60 మైక్రోమీటర్లు ఉంటుంది, అంటే ఏడెనిమిది ఎర్ర రక్తకణాలను పక్కపక్కన పేర్చినంత. మధ్యలోని నీలం చుక్క కేంద్రకం. అది కనిపించిందంటే మీరు చూసినది కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్ పట్టని స్తరిత శల్కల ఉపకళ. ముంజేతి మీది చర్మాన్ని అలాగే గీకి చూస్తే కేంద్రకం లేని పొలుసులే వస్తాయి, ఎందుకంటే చర్మం పై వరుసల్లోని కణాలు కెరాటిన్‌తో నిండి చచ్చిపోయినవి. నోటిలో కూడా అన్ని చోట్లా ఒకే తీరు ఉండదు. ఎక్కువ నమలుడు ఒత్తిడి పడే చిగుళ్ల మీదా గట్టి అంగిలి మీదా కెరాటిన్ ఉంటుంది, బుగ్గ లోపల ఉండదు.

మీ మార్కు పోగొట్టిన మూత్రాశయం మమ్మల్ని కూడా కొత్తలో తికమకపెట్టేది. ట్రాన్సిషనల్ అని పిలిచే ఆ పరివర్తన ఉపకళ, సంచి ఖాళీగా ఉన్నప్పుడు ఐదారు వరుసల మందంతో ఉంటుంది, పై వరుసలోని కణాలు గుండ్రంగా ఉబ్బి కింది కణాల మీద గొడుగు పట్టినట్టు ఉంటాయి. వాటిని గొడుగు కణాలనే అంటారు, కొన్నిటిలో రెండేసి కేంద్రకాలు కూడా ఉంటాయి. సంచి నిండినప్పుడు అవే కణాలు సాగి చదునై, పొర రెండు మూడు వరుసలదిలా కనిపిస్తుంది. నిండిన స్థితిలో తీసిన ముక్కను చూస్తే ఎవరైనా మీలాగే శల్కల ఉపకళ అని రాస్తారు. అసలు విషయం ఏమిటంటే ఈ పొరకు పని రెండింతలు: సాగాలి, సాగుతూనే మూత్రంలోని వ్యర్థాలు తిరిగి రక్తంలోకి పోకుండా ఆపాలి. గొడుగు కణాల పై అంచున యూరోప్లాకిన్ అనే ప్రోటీన్లు బిగువైన పలకల్లాగా పరుచుకుని ఉండటం వల్ల రెండవ పని సాధ్యపడుతుంది. ఆహారవాహికకు సాగడమూ ఒరిపిడి తట్టుకోవడమూ చాలు, ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. స్లైడు మీద కనిపించినదంతా నిజమని నమ్మవద్దు. మేము మైనంలో పెట్టిన ముక్క నుంచి నాలుగైదు మైక్రోమీటర్ల మందం గల పొరలు కోస్తాం. కత్తి ఏటవాలుగా పడితే ఒకే వరుస కూడా మూడు వరుసల్లాగా కనిపిస్తుంది. అరటికాయను అడ్డంగా కోస్తే గుండ్రని చక్రం, ఏటవాలుగా కోస్తే కోలగా పొడవైన ముక్క వచ్చినట్టే. నా తొలి రోజుల్లో పిత్తాశయం ముక్కను ఇలా కోసి, స్తరితమని అనుకుని గంటసేపు తల గోక్కున్నాను. తిన్నగా పడిన చోటు కోసం స్లైడంతా వెతకడమే మార్గం. ఆధార త్వచం మామూలు రంగులతో సరిగా కనిపించదు, పీఏఎస్ అనే రంజకం వేస్తే ముదురు గులాబీ గీతలాగా బయటపడుతుంది, అప్పుడు ఏ కణం దాన్ని తాకుతోందో చూడవచ్చు.

ఆ గీత చిన్నదే గానీ మా పనిలో దానికున్నంత విలువ మరి దేనికీ లేదు. ఉపకళలో రక్తనాళాలు ఉండవు, దానికి కావలసిన ఆహారమంతా కిందనున్న సంయోజక కణజాలంలోని రక్తనాళాల నుంచి ఆ గీత గుండానే వస్తుంది. పెద్దవారిలో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఉపకళలో పుట్టినవే, వాటినే కార్సినోమా అంటారు. అదుపు తప్పిన కణాలు ఆ గీతకు పైనే ఉన్నంతవరకు వాటికి రక్తనాళాలు అందవు, కనుక దూరాలకు పాకలేవు. గీత దాటాయా లేదా అనే ఒక్క ప్రశ్న కోసం వైద్యులు ఒకే ముక్కను పదిసార్లు కోయించి చూసిన రోజులు ఉన్నాయి.

తిరుగు ప్రశ్న: తూనీగ

మాస్టారికీ గాజుపలక గారికీ ధన్యవాదాలు. గుంపు ఫొటో, అప్పడాల దొంతర రెండూ నోటుబుక్కులో బొమ్మలు వేసుకున్నాను. ఇప్పుడు కొత్త సందేహం వచ్చింది. ఆకారం పనిని బట్టి వచ్చిందన్నారు. పని మారితే ఆకారం కూడా మారుతుందా? ఉదాహరణకు పొగ తాగేవారి వాయునాళానికి ఇప్పుడు వేడీ పొగా తట్టుకునే పని వచ్చి పడింది కదా, అక్కడి పొర ఆహారవాహికలాగా మారిపోతుందా? ఎండోథీలియం సంగతి, గ్రంథుల సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు: రాత్రి డ్యూటీ

తూనీగ గారూ, మీరు ఊహించింది నిజంగానే జరుగుతుంది. నేను స్టాఫ్ నర్సును, కొన్నేళ్లు ఊపిరితిత్తుల వార్డులోనూ కొన్నేళ్లు కాలిన గాయాల వార్డులోనూ చేశాను.

వాయునాళంలోని ఒక్కొక్క శైలికామయ కణం మీద సన్నని వెంట్రుకల్లాంటి శైలికలు సుమారు 200 ఉంటాయి. అవి సెకనుకు పదికి పైగా సార్లు ఒకే దిశలో కొట్టుకుంటూ, గోబ్లెట్ కణాలు స్రవించిన శ్లేష్మపు పొరను, దానికి అంటుకున్న దుమ్ముతో సహా గొంతు వైపు నెడుతుంటాయి. మనకు తెలియకుండా దాన్ని మింగేస్తుంటాం. ఏళ్ల తరబడి పొగ తాగేవారిలో, మాస్టారు చెప్పిన ఆ పొట్టి ఆధార కణాలు శైలికామయ కణాలను తయారు చేయడం మాని, శల్కల కణాల దొంతరను తయారు చేయడం మొదలుపెడతాయి. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించండి: ఎదిగిన కణం ఒకటి ఇంకొకటిగా మారదు, అడుగున ఉన్న మూలకణాలు తమ దారి మార్చుకుంటాయి. దీన్ని మెటాప్లాసియా అంటారు. దొంతర పొగను తట్టుకుంటుంది గానీ ఊడ్చే పని చేయలేదు. ఊడ్చేవారు లేక శ్లేష్మం పేరుకుపోతుంది. వార్డులో తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలయ్యే ఆ దగ్గు, శైలికల పనిని రొమ్ము కండరాలతో చేయవలసి రావడమే. మంచం పక్కన నిలబడి వీపు తడుతూ ఆ దగ్గు వింటే మిథ్యాస్తరిత శైలికామయ ఉపకళ పని ఏమిటని మళ్లీ అడగరు.

ఇది ఎదురు దిశలోనూ జరుగుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి ఎగదన్నేవారిలో, ఆహారవాహిక కింది భాగంలోని దొంతర పోయి పేగులో ఉండే తరహా స్తంభాకార కణాలూ గోబ్లెట్ కణాలూ వస్తాయి. 1950లో దీని గురించి రాసిన నార్మన్ బారెట్ అనే శస్త్రవైద్యుడి పేరు మీద దాన్ని బారెట్ ఆహారవాహిక అంటారు. ఆమ్లానికి ఓర్చుకునే పొర వచ్చిందని సంతోషించడానికి లేదు, అందులో క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ.

మాది ఉత్తరాంధ్ర కనుక ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల్లో, ముఖ్యంగా తీరం వెంబడి పల్లెల్లో, పెద్ద వయసు ఆడవారు చుట్టను వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని తాగే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. నిప్పు, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి. అక్కడి ఉపకళ మందమెక్కి తెల్లబారుతుంది, చిన్న లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునే చోట్ల ఎర్రని చుక్కలు వాచి కనిపిస్తాయి. గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం ప్రపంచంలో మిగతా చోట్ల అరుదు, కానీ మా దగ్గర అడ్డపొగ తాగేవారిలో అది ఎక్కువగా కనబడుతుందని ఎన్నో దశాబ్దాలుగా వైద్య పత్రికల్లో ఉంది. మా అమ్మమ్మ అడ్డపొగే తాగేది. టార్చిలైటు వేసి ఆమె అంగిలి చూపించమని అడిగినప్పుడు, ఎండిన చెరువు నేలలాగా పగిలిన తెల్లని పొరను నర్సింగు చదివే రోజుల్లో మొదటిసారి చూశాను.

పని మారకపోయినా, పోషణ లేక కూడా ఆకారం మారుతుంది. విటమిన్ ఏ లోపించిన పిల్లల కళ్లలో తెల్లగుడ్డును కప్పే పలుచని పొర గోబ్లెట్ కణాలను పోగొట్టుకుని, చర్మంలాగా కెరాటిన్ పట్టిపోతుంది. సబ్బు నురుగు అంటినట్టు కనిపించే ఆ మచ్చలను బీటాట్ మచ్చలు అంటారు. ఆరు నెలలకొకసారి పిల్లల నోట్లో విటమిన్ ఏ ద్రావణం పోసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది, దానికి ఆధారం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన క్షేత్ర పరీక్షలు.

కాలిన గాయాల వార్డు నేర్పినది ఒకటి. చర్మం పైపైన కాలితే మచ్చ లేకుండా మానుతుంది. లోతుగా కాలి మొత్తం మందం పోతే, గాయం అంచుల నుంచి మాత్రమే కొత్త పొర లోపలికి పాకాలి, అందుకే పెద్ద గాయానికి వేరే చోటి చర్మం తెచ్చి అతకాలి. మధ్యరకం గాయంలో మాత్రం కట్టు విప్పిన కొన్నాళ్లకు, ఎర్రని గాయం నట్టనడుమ అక్కడక్కడా చిన్న చిన్న ముత్యాల్లాంటి తెల్లని దీవులు మొలుస్తాయి. అవి వెంట్రుకల కుదుళ్లలోనూ స్వేదగ్రంథుల నాళాల్లోనూ మిగిలిన ఉపకళా కణాలు పైకి పాకి వచ్చినవి. ఆ కుదుళ్లూ నాళాలూ కూడా పైచర్మం గుంతల్లాగా కిందికి దిగినవేనని పుస్తకంలో చదివాను గానీ, ఆ దీవులను చూశాకే నమ్మాను.

జవాబు: పాత చాక్‌పీస్

రాత్రి డ్యూటీ గారు చెప్పిన ఆ దిగిన గుంతల దగ్గరే గ్రంథుల కథ మొదలవుతుంది కాబట్టి నా పని తేలికైంది. పిండంలో ఉపకళ ఒక చోట కింది కణజాలంలోకి దిగి మొగ్గ వేస్తుంది. దిగిన దారి తెరిచే ఉంటే అది నాళం, సరుకు ఆ దారినే బయటికి వస్తుంది, అది బహిస్స్రావ గ్రంథి: లాలాజలం, చెమట, కన్నీరు, పాలు ఇలా వచ్చేవే. దారి మూసుకుపోతే సరుకును పక్కనున్న రక్తంలోకి వదలాలి, అది అంతస్స్రావ గ్రంథి. థైరాయిడ్ నాలుక వెనక భాగం అడుగున మొగ్గ తొడిగి మెడలోకి దిగుతుంది, తరువాత దారి మూసుకుపోతుంది. మొదలుపెట్టిన చోట ఒక చిన్న గుంట మాత్రం పెద్దయ్యాక కూడా నాలుక వేళ్ల దగ్గర మిగిలి ఉంటుంది. గోబ్లెట్ కణం అయితే గుంత తవ్వే శ్రమ కూడా పడలేదు, అది ఒంటి కణపు గ్రంథి. సరుకు వదిలే పద్ధతిలోనూ తేడాలున్నాయి. చెమట గ్రంథి కణాలు చాలావరకు తమకేమీ నష్టం లేకుండా స్రవిస్తాయి, పాలలోని కొవ్వు బొట్టు కణం అంచును కొంత చుట్టుకుని వస్తుంది, వెంట్రుక కుదురు పక్కనున్న చమురు గ్రంథి కణమైతే నిండా కొవ్వు పట్టి తానే పగిలి సరుకుగా మారిపోతుంది. ఈ మూడింటిలో పరీక్షకు ఎక్కువగా అడిగేది చివరిదే.

ఎండోథీలియం విషయంలో నీ పుస్తకమూ గైడూ రెండూ తప్పు కాదు. పిండంలోని మూడు పొరల్లో చర్మపు ఉపకళ బహిస్త్వచం నుంచి, పేగు ఉపకళ అంతస్త్వచం నుంచి వస్తే, రక్తనాళాల లోపలి పొరా, ఉదరకుహరాన్ని కప్పిన మెసోథీలియమూ మధ్యత్వచం నుంచి వస్తాయి. పుట్టుక వేరు గనుక కొందరు వేరే పేరుతో పిలుస్తారు. కానీ మూత్రనాళికలూ మధ్యత్వచం నుంచే వచ్చాయి, వాటిని ఉపకళ అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కాబట్టి పుట్టుకను బట్టి పేర్లు పెట్టడం మొదటి నుంచీ సరిగా నడవలేదని నా అభిప్రాయం. నీవు ‘సరళ శల్కల ఉపకళ, రక్తనాళాల్లో దీన్ని ఎండోథీలియం అంటారు’ అని ఒకే వాక్యంలో రాయి, దిద్దేవారికి మార్కు తీసే వీలుండదు.

పేర్లు పెట్టే సూత్రం ఒకటి చెప్పడం మరిచాను. స్తరిత ఉపకళకు పేరు పై వరుస ఆకారాన్ని బట్టి వస్తుంది. ఆహారవాహిక దొంతరలో అడుగు వరుస కణాలు శల్కలం కావు, ఘనాకారానికో స్తంభాకారానికో దగ్గరగా ఉంటాయి. అయినా పై వరుస చదునుగా ఉంది గనుక మొత్తం శల్కలమైంది. స్వేదగ్రంథి నాళంలో రెండు వరుసలు ఉంటాయి, పై వరుస ఘనాకారం గనుక అది స్తరిత ఘనాకార ఉపకళ. మూత్రాశయాన్ని ఈ సూత్రంతో తూచబోతే పై వరుస గంటకొక ఆకారంలో ఉంటుంది, అందుకే దానికి వేరే పేరు పెట్టక తప్పలేదు.

జవాబు: గాజుపలక

తూనీగ గారూ, మళ్లీ ప్రాక్టికల్ ఉన్నప్పుడు బుగ్గ కణాల స్లైడును ఇంకొకసారి అడిగి తీసుకోండి. గీకినప్పుడు కొన్ని కణాలు అంచున మడతపడతాయి. ఎక్కువ వృద్ధీకరణలో ఆ మడతనే వెతికి, సన్నని సర్దుబాటు మరను అటూ ఇటూ తిప్పుతూ చూడండి. పైనుంచి అంత వెడల్పుగా కనిపించిన కణం మడత దగ్గర సన్నని నీలి గీతలాగా, కేంద్రకం ఉన్న చోట మాత్రం కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తుంది. కణాన్ని పక్క నుంచి చూడటానికి మీ ప్రయోగశాలలో కత్తీ మైనమూ లేకపోయినా ఆ మడత చాలు. కనిపిస్తే బొమ్మ వేసి ఇక్కడ పెట్టండి.